తాళపు గుర్తు

గత జ్యేష్ఠమాసమున మా యింట జరిగిన యొక సంగతిని సోదరీమణులకు విన్నవింప దలచితిమి. ఇందు మా తెలివితక్కువతనమే యెక్కువ. అయినను దాచుకొనుటవలన ఎవరికిని లాభము లేదు గనుక వ్రాయుచున్నాము.

మేముండునది కరీంనగరు. మా వదినగారు ఆదిలాబాదునం దుందురు. ఆమె కుమార్తె పదవతరగతిలో మంచి మార్కులతో నుత్తీర్ణురాలై, యొక విద్యాలయమునకు దరఖాస్తు పంపుకొనుటకై మా యింటికి వచ్చినది. దరఖాస్తును కంప్యూటరుమీదనే నింపవలెనట, కాగితములు పుచ్చుకొనరట. మరునాటి సాయంకాలముతో గడువు తీరిపోవును. మా కంప్యూటరు వేసవి యంతయు గుడ్డ కప్పుకొని మూల నుండెను. దానిని తుడిచి తెరవగా, విద్యాలయపు పుటకు బదులు ఎఱ్ఱని త్రికోణముతో "మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదు" అను హెచ్చరిక కానవచ్చినది. బ్యాంకు పుటను తెరచితిమి, అదే హెచ్చరిక. వార్తాపత్రికను తెరచితిమి, అదియు నంతే. పిల్ల కన్నుల నీరు పెట్టుకొన్నది.

వీధి చివర ఇంటర్నెట్ దుకాణపు కుఱ్ఱవాని నడిగితిమి. "అడ్వాన్స్‌డ్ అని యున్నచోట నొక్కి ముందుకు పొండమ్మా, అందరును అట్లే చేయుదురు" అని తన పనిలో తా నుండెను. ఇంటికి వచ్చి నొక్కబోతిమి. కాని అందులో పిల్ల ఆధార్ సంఖ్యయు, తండ్రి బ్యాంకు ఖాతా సంఖ్యయు వ్రాయవలసి యున్నవి. వ్రేలు వెనుకాడినది.

లోకములోని పుటలన్నియు ఒక్క రాత్రిలో చెడిపోవునా? ఊరివారందరి గడియారములును తప్పని తోచినప్పుడు మన గోడ గడియారమును చూచుకొనవలె గదా. చూడగా తప్పు నిజముగా గడియారముదే! తెర మూలనున్న తేది పదునాలుగేండ్లు వెనుకకు పోయి యున్నది. కంప్యూటరు లోపలి పలకమీద రూపాయి బిళ్లంత బ్యాటరీ యొకటి యుండును. కరెంటు లేని వేళ కాలమును లెక్కించునది అదియే. అది కాస్తయు ప్రాణము విడిచినది. ప్రతి వెబ్‌సైటునకును సర్టిఫికెట్టు, అనగా ధ్రువపత్రము, ఒకటి యుండును. అది ఏ తేదినుండి ఏ తేదివరకు చెల్లునో అందే వ్రాసి యుండును. మన యంత్రము ఆ తేదులను తన గడియారముతో సరిచూచును. మా యంత్రము లెక్కలో ఆ పత్రములేవియు ఇంకను పుట్టనే లేదు. హెచ్చరిక క్రింద చిన్న యక్షరములతో "డేట్ ఇన్వాలిడ్" అని యుండనే యున్నది. చదివినవా రెవరు?

తేది దిద్దగానే బ్యాంకును, పత్రికయు తెరచుకొన్నవి. విద్యాలయపు పుట మాత్రము మొండికెత్తినది. ఈసారి బుద్ధి వచ్చినది గనుక క్రింది మాటను చదివితిమి. "కామన్ నేమ్ ఇన్వాలిడ్" అని యున్నది. తేది బాగుగనే యున్నది. పేరు కుదురలేదని దాని యర్థము. వదినగారికి ఫోను చేసి, ప్రకటన కాగితముమీది చిరునామాను అక్షరమక్షరము చదివించితిమి. దాని మొదట మూడు డబ్ల్యూలు లేవు. మేము అలవాటు చొప్పున చేర్చితిమి. పేరు మొదట నక్షత్రపు గుర్తు పెట్టి, అనేక శాఖలకు ఒకే ధ్రువపత్రమును తీసికొను పద్ధతి గలదు. ఆ నక్షత్రము ఒక్క మెట్టునకే చెల్లును. శాఖ పేరునకు ముందు మరల డబ్ల్యూలను తగిలించితిమా, అది రెండవ మెట్టగును, పత్రము చెల్లదు. డబ్ల్యూలను తీసివేసితిమి. గడువునకు నాలుగు గంటల ముందు దరఖాస్తు చేరినది.

మా సంతోషమునకు మేర లేదు. ఆ సంతోషములోనే వదినగారికి పాఠము చెప్పితిమి. "వదినా, హెచ్చరిక వచ్చినచోటికి పోకుడు. చిరునామా ప్రక్కన తాళపు గుర్తున్నదా, భయము లేదు" అంటిమి. ఆమె తలయూపుట ఫోనులోనే మాకు కనబడినట్లుండెను.

నెల తిరుగకుండ ఆమెకు ఫోనులో నొక సందేశము వచ్చినది. బిల్లు చెల్లలేదనియు, రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు తీసివేయబడుననియు, క్రింది చిరునామాలో చెల్లింపుమనియు దాని సారాంశము. ఇంట అన్నగారు లేరు. ఆమె ఆ చిరునామాను తెరచి, మేము చెప్పినట్లే చూచుకొన్నది. తాళపు గుర్తున్నది. కార్డు సంఖ్య వ్రాసినది. ఖాతాలోని ఎనిమిదివేల రూపాయలును పోయినవి. "నీవే గదా చెప్పితివి, తాళమున్నచోట భయము లేదని" అని మాత్రమే ఆమె యనినది. కోపపడినను మాకు సుఖముగా నుండెడిది.

అప్పుడు గదా తెలిసికొంటిమి. మా యూరి వెండి తీగపని సోదరీమణులకు తెలియనిది కాదు. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. నగమీది ముద్ర లోహము ఎంత మేలైనదో చెప్పును గాని, అమ్మువాని తక్కెడ నిజాయితీని చెప్పదు. ధ్రువపత్రమును నట్టిదే. ఈ చిరునామా ఈ పేరుగలవారిదే, నడుమ నెవరును మీ మాట వినలేరు, అని మాత్రమే అది సాక్ష్యమిచ్చును. ఆ పేరుగలవాడు దొంగయా దొరయా యనునది దాని పని కాదు. 2015 మొదలు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఈ పత్రములను ఉచితముగా, నిమిషములలో నిచ్చుచున్నది. దానివలన చిన్న చిన్న వారికెంతయో మేలు కలిగినది. దొంగకును తాళము దొరకినది. తాళమును చూచి జనులు మోసపోవుచున్నారనియే 2023లో క్రోమ్ వారు ఆ గుర్తును తీసివేసిరి. వదినగారి ఫోనులోనిది వేరొకటి. అందు ఆ గుర్తు ఉండెను.

చిరునామాను మరి యెట్లు చదువవలెను? తపాలా కవరుమీద పేరు మొదట నుండును, జిల్లా చివర నుండును; ఉత్తరములను వేరుచేయువాడు చివరినుండియే చూచును. ఇదియు నట్లే. మొదటి గీటు వచ్చులోపల చివర నున్న మాటలే యజమానివి. నిర్మల్ డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ అని యున్నప్పుడు, గవ్ డాట్ ఇన్ అనునది ప్రభుత్వమువారికి దక్క ఇతరులకు దొరకదు. ఆ మాటలే మొదట వచ్చి, చివర మరేదో పేరున్నచో నది ఆ మరేదో పేరువానిది. వదినగారికి వచ్చినదానిలో కరెంటు కంపెనీ పేరు మొదటనే యున్నది. చివర నున్నది ఎవరి పేరో యెవరికిని తెలియదు.

చిరునామాలును స్థిరముగా నుండుట లేదు. 2016లో మా పాత జిల్లాలు రెండును నాలుగేసిగా విడిపోయినవి. 2024లో రాష్ట్రపు పొట్టి పేరు టి.ఎస్. పోయి టి.జి. యైనది, దానితో పెక్కు సంస్థల పేర్లును, చిరునామాలును మారినవి. పద్దుపుస్తకములో వ్రాసికొన్న పాతవి పనికిరావు. ధ్రువపత్రముల యాయుర్దాయము కూడ తగ్గుచున్నది. 2029 మార్చి నాటికి 47 దినములే యుండవలెనని 2025లో నిర్ణయించిరి. యంత్రమే తనంతట మార్చుకొను నేర్పాటు లేనిచోట, మఱచిపోవు గుమాస్తాలవలన ఎఱ్ఱని పుటలు మనకింకను కానవచ్చును గాబోలు. అట్టి వేళ ఆ కార్యాలయమునకు ఫోను చేసి మరునాడు చూచుటకంటె మాకు వేరు మార్గము తోచలేదు.

పోయిన రూకలకై 1930 సంఖ్యకు ఫోను చేసితిమి. ఎంత త్వరగా చెప్పిన అంత మేలట. మేము చెప్పునప్పటికి రెండు దినములు గడచినవి. సిగ్గుచేత వదినగారు మాతో చెప్పుటకే అంత యాలస్యమైనది. ఫిర్యాదు సంఖ్యను బియ్యపు డబ్బామీద అంటించి యున్నారు. సొమ్ము ఇంకను రాలేదు.

పిల్లకు సీటు వచ్చినది. మొన్న ఆమె వసతిగృహపు రుసుము కట్టుటకు ముందు వదినగారు మాకు ఫోను చేసి, చిరునామాను చివరినుండి మొదటికి, ఒక్కొక్క చుక్కకడ నాగుచు చదివిరి. మేము మాటాడక వింటిమి.