బండి ఎత్తు పెంచుదామా, టైరు మారుద్దామా?

బీరువా కొనాలన్నా, మిక్సీ కొనాలన్నా మనల్ని వెంటబెట్టుకుని పది కొట్లు తిరిగే మగవాళ్లు, బండి మాట వచ్చేసరికి "నీకేం తెలుస్తది, నువ్వూకో" అంటారు. బండి మీదే ఇల్లు గడిచే సంసారాల్లో ఈ మాట ఎంతవరకు సబబో మీరే చెప్పండి. డీజిలుకు ఎంతయింది, కిరాయి ఎంత వచ్చింది, ఫైనాన్సు కిస్తీ ఏ తారీఖున కట్టాలి అని లెక్క రాసేది మనం. రాత్రి పదకొండు దాటినా బండి రాకపోతే అన్నం మీద మూత పెట్టి గుమ్మంలో కూచునేదీ మనమే. అలాంటప్పుడు దానికి ఏ టైరు వేస్తున్నారో, ఎంత ఎత్తు లేపుతున్నారో తెలుసుకుంటే తప్పేముంది?

మాది నిర్మల్. ఊరు 2016లో జిల్లా కేంద్రమయింది గానీ, చుట్టుపక్కల చేలబాటలు మాత్రం అప్పుడెట్లా ఉన్నాయో చాలాచోట్ల ఇప్పుడూ అట్లాగే ఉన్నాయి. మాకొక పికప్ బండి ఉంది. వానలు వెనకబడే వేళకి మక్కలు, దీపావళి చుట్టూ సోయా, ఆ తర్వాత సంక్రాంతి దాటేదాకా పత్తి. అంతా చేలల్లోంచి రోడ్డెక్కించాల్సిన సరుకే. నల్లరేగడి సంగతి మీకు తెలియంది కాదు. రెండు వానలు పడితే కాలు వస్తుంది గానీ చెప్పు రాదు. ట్రాక్టర్లు తిరిగి తిరిగి లోతు గాడులు పడ్డ బాటలో మా బండి బొజ్జ ఆని ఆగిపోయేది. ట్రాక్టరు పిలిచి గుంజిస్తే ఆ పూట కిరాయి ఆ ట్రాక్టరు వాడికే సరిపోయేది.

నిరుడు వానాకాలం ముందు మా మరిది ఒక ఆలోచన తెచ్చాడు. "వదినా, వెనక కమాన్ల రెండు పట్టీలు ఎక్కువ ఏపిద్దం. నాలుగూ పెద్ద టైర్లు ఏపిద్దం. బండి ఆరించులు లేస్తది. ఇగ ఏ బురదల దిగినా ఆగదు" అన్నాడు. ఫోనులో అమెరికా బళ్ల వీడియోలు కూడా చూపించాడు. అక్కడ పెద్ద పికప్ బళ్లను నాలుగించులు, ఆరించులు పైకి లేపడానికి కావలసిన సామానంతా కిట్లుగా అమ్ముతారట. అక్కడ చాలామందికి అదొక సరదా. మాకది కూటి సంగతి. పైగా అందుకు పెట్టాల్సింది నేను నెలనెలా కట్టి ఎత్తిన చీటీ డబ్బు, 60 వేలు. మా పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు కూడా అందులోంచే కట్టాలి. అందుకని "మిస్త్రీ దగ్గరికి నేనూ వస్తా" అన్నాను. మా ఆయన నవ్వారు గానీ వద్దనలేదు.

షెడ్డులో ఆ ముసలి మిస్త్రీ విసుక్కోకుండా బండి కిందికి వంగి చూపించాడు. "చూడమ్మా, బురదల ముందుగాల ఆనేదేంది? ఇరుసు నడుమ ఉన్న ఈ గుండ్రటి డబ్బా. కమాను పట్టీలు పెంచితే మీద బాడీ లేస్తది. ఈ డబ్బా ఆడనే ఉంటది. ఇది లేవాలంటే టైరే పెరగాలె."

నాకు వెంటనే అర్థమయింది. పొయ్యి మీద స్టాండు పెట్టి దాని మీద గిన్నె పెడితే గిన్నె లేస్తుంది గానీ పొయ్యి లేవదు కదా! పట్టీలు పెంచితే ఇంకో చిక్కు కూడా ఉంది. కమాను గట్టిపడుతుంది. నిండు బరువు ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. ఖాళీగా వచ్చేటప్పుడు, సగం బరువు ఉన్నప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది. టమాటా ట్రేలు వేసుకొస్తే అడుగువి చితికిపోవాల్సిందే.

పోనీ పెద్ద టైరు వేద్దామా అంటే దానికీ లెక్కుంది. టైరు పక్కన 215/75 ఆర్ 15 అని ఉందనుకోండి. 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 వంతులు పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 15 అంటే ఇంచుల్లో రిమ్ము కొలత. అన్నీ కలిపితే టైరు నిలువు 70 సెంటీమీటర్ల చిల్లర. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే నిలువు 73 సెంటీమీటర్ల చిల్లర అవుతుంది. అంటే మూడు సెంటీమీటర్లు పెరిగింది. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి అది లేచేది ఒకటిన్నర సెంటీమీటరే! మన బొటనవేలి వెడల్పు కూడా లేదు. ఆ కాస్తకీ స్పీడు మీటరు తప్పు చెబుతుంది. అది 60 చూపిస్తే బండి నిజంగా 62 దాటి పోతుంటుంది. ఇంజను మీద బరువు పడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, బాగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఘాట్. పత్తి తేలికే గానీ ఎత్తుగా పేరుస్తారు. ఆదిలాబాద్ దారిలో మహబూబ్ ఘాట్ మలుపుల్లో అట్లాంటి బండి ఒక పక్కకి వాలుతుంటే వెనకొచ్చేవాళ్లకే గుండె జారుతుంది. నెత్తిన ఒక బిందె పెట్టుకుని మలుపు తిరగడం వేరు, దాని మీద ఇంకో బిందె పెట్టుకుని తిరగడం వేరు. చక్రాల మధ్య వెడల్పు అంతే ఉండి ఎత్తు మాత్రం పెంచితే బండి కూడా అంతే.

ఇంట్లో ఈ మాటలు నడుస్తుంటే మా అత్తమ్మ ఒక్క మాట అడిగింది. "బండి ఆరించులు లేస్తే బస్తా ఎవల నెత్తి మీదికెళ్లి లేవాలెరా?" నిజమే. పత్తి మూటలు, కూరగాయల గంపలు ఎత్తేది సగం మంది ఆడవాళ్లే. రోజుకు వందసార్లు ఎత్తే చేతికి ఆరించులంటే మాటలు కాదు. మా మరిది జవాబు చెప్పలేదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణ చట్టంలో అట్లా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ రాసి ఉంది. ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు కొర్రీ పెడితే మన మొర వినేదెవరు?

చివరికి మేం చేసిందిది. కమానులో విరిగిన ఒక పట్టీ తీసేసి, కంపెనీ కొలతదే కొత్తది వేయించాం. ముందు టైర్లు బాగానే ఉన్నాయి, నిలువు గీతలవి, అవి ఉంచేశాం. వెనక రెండూ అదే సైజులో అడ్డంగా లోతు గాళ్లున్న లగ్గు టైర్లు వేయించాం. బురదని పట్టేది ఎత్తు కాదు, ఆ గాళ్లే. తారురోడ్డు మీద కాస్త హోరు పెడతాయి, పెట్టనీండి. మనిషి పొడుగు చెక్కలు రెండు, మోకు ఒకటి బండిలో పెట్టాం. మరీ పాడైన బాట మీద రైతులే తలా కొంత వేసుకుని నాలుగు ట్రిప్పుల మొరం పోయించారు. అంతా కలిపి 20 వేల లోపే అయింది. అమ్మాయి ఫీజు కట్టగా ఇంకా మిగిలింది.

టైరు కొనేటప్పుడు మీరూ ఇవి చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 3524 అంటే 2024లో 35వ వారం తయారయిందని. పాత సరుకు అంటగడితే అక్కడే తెలిసిపోతుంది. సైజు పక్కన ఉన్న అంకె బరువుది. 100 అని ఉంటే ఆ ఒక్క టైరు 800 కిలోల దాకా మోస్తుందని. ఒక ఇరుసు మీద రెండు రకాల టైర్లు వేయించకండి. గాడి అడుగున అక్కడక్కడ చిన్న గట్లుంటాయి. టైరు అరిగి వాటితో సమమైతే, అంటే 1.6 మిల్లీమీటర్లకు వస్తే, ఇక మార్చాల్సిందే. గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూడాలి. బురదలో పట్టు కోసం గాలి తగ్గించేవాళ్లుంటారు. రోడ్డెక్కగానే మళ్లీ నింపకపోతే బరువుకు టైరు వేడెక్కి పగులుతుంది.

ఆ సీజనులో బండి రెండుసార్లు దిగబడింది. రెండుసార్లూ చెక్కలేసి వాళ్లే తీసుకున్నారు. ఘాట్ దాటగానే మా ఆయన ఫోను చేస్తారు, అప్పుడు నేను కూర వేడి చేస్తాను. ఇప్పుడు ఆదివారం పొద్దున ముగ్గేశాక మా అమ్మాయి, నేను నాలుగు టైర్లూ చూసి వస్తాం. మీ ఇంట్లో కూడా బండి మాట వచ్చినప్పుడు లేచి లోపలికి పోకండి. ముందు వెళ్లి ఆ టైరు మీద అంకెలు చదవండి.