తెడ్డు పట్టిన చేయి

గోదావరి యొడ్డున కాపురముండువారికి నీటిభయము తక్కువయని దూరపు చుట్టములు తలంతురు. నిజమునకు మాకే యెక్కువ. భద్రాచలమువద్ద నది 43 అడుగులు చేరినపుడు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు నిత్తురు. 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71 అడుగులకు మించియు నీరు వచ్చెను. ఈ యంకెలు మా యిండ్లలో తిథివారములవలె అందఱ నోటను ఉండును. కాని సోదరీమణులారా, అవి యిండ్లకొఱ కేర్పఱచినవి, దోనెలకొఱకు కావు. నది ముప్పది అడుగులున్నపుడు ఊరు సుఖముగా నిద్రించును. చిన్న దోనెకు ఆ నీరే చాలును.

పోయిన శ్రావణమున మా ఆడుబిడ్డ కుమార్తె హైదరాబాదునుండి వచ్చినపుడు ఈ సంగతి నాకు బాగుగా బోధపడెను. ఆ పిల్ల అచ్చటి చెఱువులో కయాక్ అను సన్నని పడవను నడుప నేర్చినది. పూర్వము గ్రీన్లాండు మొదలగు మంచుసీమల వేటకాండ్రు జంతుచర్మముతో చేసికొనిన పడవ యది. రెండు కొసలను రెక్కలు గల తెడ్డుతో నడుపుదురు. మన దోనె చెట్టుమానును తొలిచి చేసినది. దానికి ఒంటిరెక్క తెడ్డును, లోతు లేనిచోట గెడయును. వచ్చిన మఱునాడే “అత్తయ్యా, నేను గోదావరిలో నడిపెదను” అని పట్టుబట్టినది. మా అత్తగారు “ఆడపిల్లకు తెడ్డేమిటే!” అని గద్దించిరి. ఆ మాట నాకు నచ్చలేదు. శబరి యొడ్డు పల్లెలలో స్త్రీలు బిడ్డలను ముందు కూర్చుండబెట్టుకొని దోనె నడుపుట నేను కన్నులార చూచితిని. ఆడుదియనుట కారణము కాదు. అట్లని, చెఱువులో నేర్చిన చేతిని వరదలోనికి పంపుటయు నాకు సమ్మతము కాదు.

మా రేవులో చిరకాలముగా చేపలు పట్టు వృద్ధుని పిలిపించితిని. ఆయన ఔననలేదు, కాదనలేదు. “అమ్మాయిగారూ, పడవ తిరుగబడినపుడు ఏమి చేయుదురు?” అని యడిగెను. “నా పడవ ఎన్నడును తిరుగబడలేదు” అని పిల్ల గర్వముగా చెప్పినది. “అట్లయిన ఇంకను నేర్వలేదు తల్లీ” అని ఆయన నవ్వెను. తరువాత మమ్ము ఒడ్డుకు తీసికొనిపోయి, ఎఱ్ఱనీటిలో కొట్టుకొనివచ్చు మ్రానులను చూపెను. కిన్నెరసాని వచ్చి కలియు చోట రెండు నీళ్లును పెనగులాడునని చెప్పెను. గాలి దిగువనుండి యెగువకు వీచినపుడు ప్రవాహ మెదురై అలలు లేచునట. ఎంత దూరము ఈదగలమో, ఒడ్డునుండి అంత దూరమే దోనె పోవలెనని ఆయన లెక్క. ఈ లెక్క యే గ్రంథమునను నే నింత తేటగా చూడలేదు.

పడవ విద్యలో ఆఱితేఱినవారు పొంగులెత్తు నదులను ఆఱు తరగతులుగా విభజింతురు. నీరు పెరిగినపుడు అదే నది పై తరగతికి పోవచ్చును. చన్నీరును, సాయము దొరకని చోటును ఉన్నపుడు కష్టమును మఱింత యెక్కువగా ఎంచుకొందురు. ఇంజనీర్లకు సయితము ఈ నది లొంగలేదు. ఎగువకు నావలు నడుపవలెనని ఆర్థర్ కాటన్ దొర తలపోయగా, దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, నావలు దాటుటకు కాలువయు కట్టిరి. రాతి అడ్డులు మూడు. పని ముగియకయే 1871లో మానివేసిరి.

చిన్న పడవకే గదా భయమందురేమో. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న పెద్ద యంత్రపు పడవ వరదనీటిలో కచ్చులూరువద్ద మునిగిపోయెను. ఇరువదియాఱుగురు మాత్రమే బ్రదికిరి. వారిని కాపాడినవారు ఆ యూరి గిరిజనులు, తమ చిన్న పడవలతో. ఆ సుడి స్వభావము వారికి తెలియును. యంత్రబల మొకటి, నీటిని చదువుట యొకటి.

మా పిల్ల రెండు దినములు అలిగినది. మూడవనాడు తానే వృద్ధునియొద్దకు పోయి, వరద తగ్గగానే నేర్పుమని కోరినది. పుష్యమాసమున సెలవులకు వచ్చినపుడు ఇసుకతిన్నెలు బయటపడియుండెను. తేలెడు కోటు తొడిగించి, ఒడ్డుప్రక్క మడుగులో ఆయన దోనెను కావలెననియే పదిసారులు తలక్రిందు చేయించెను. నీళ్లు మ్రింగి, దగ్గి, మరల ఎక్కినది. అటుపిమ్మట ఆయన వెనుక కూర్చుండగా అవతలి తిన్నెవఱకు నడిపి వచ్చినది. మా అత్తగారు రేవులోనే నిలువబడి చూచిరి, కాని యేమియు అనలేదు.

మఱునాడు ఒంటరిగా ఒడ్డు వెంబడి పోవుటకు ఆయన అనుమతినిచ్చెను. పిల్ల అరగడియలో తిరిగివచ్చినది. అప్పుడే వచ్చితివేమని అడిగితిని. “గాలి మారినది అత్తయ్యా” అని తెడ్డును గోడకు చేరవేసి, కాఫీ యున్నదా యని వంటయింటిలోనికి పోయినది.