కాగ్నా ఇసుకలో బండల బండి

అనంతగిరి కొండల మీద కురిసిన వానకు రెండు దారులు. తూర్పుకు జారిన నీరు మూసీ అయి, హైదరాబాదు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటికి జారినది కాగ్నాలో చేరి, తాండూరును ఒరుసుకుంటూ, కర్ణాటకలో మళఖేడ్ కోట పక్కగా సాగి భీమలో పడుతుంది. భీమ వెంట అదీ చివరికి కృష్ణకే చేరుతుంది. వికారాబాద్ నుంచి తాండూరుకు పోయే రోడ్డు ఈ రెండో నీటి వెంట దిగుతుంది. కంది కోతలు అయిపోయిన రోజుల్లో, ఖాళీ బొలెరో పికప్‌లో ఆ రోడ్డు పట్టాను. తాండూరులో నాపబండలు ఎత్తించుకుని, బషీరాబాద్ వైపు కాగ్నా అవతలి ఒడ్డున మా స్నేహితుడి పొలంలో పశువుల కొట్టానికి చేర్చాలి. తారు రోడ్డు ఇవతలి ఒడ్డు దాకానే వస్తుంది. అక్కడి నుంచి ఏటి ఇసుక మీదుగా పోవాల్సిందే.

నాతో వచ్చిన కాకాది తాండూరే. బతుకంతా బండలు మోసిన డ్రైవరు. ఇప్పుడు స్టీరింగ్ పట్టడం మానేశారు గానీ, పక్కన కూర్చున్నా కుడికాలు ఆగదు. నేను బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయన పాదమూ నేలను నొక్కుతుంది.

ఘాటు రోడ్డు మీద అడవి అప్పటికే ఆకు రాల్చి ఉంది. రోడ్డు కోసిన చోటల్లా ఎర్రటి జేగురు మట్టి, ఇనుము తుప్పులా. ఇక్కడ మార్జిన్‌లోకి దిగినా చక్రం కిందికి పోదు. గట్టి నేల. ధారూర్ దాటాక రంగు మారడం మొదలవుతుంది. ఎరుపు పలచబడి, గోధుమ రంగయి, తాండూరు దగ్గర పడేసరికి నల్లరేగడి. ఈ నలభై కిలోమీటర్లలో నేల ఎన్ని రకాలుగా మారుతుందో కారులో పోయేవాళ్లకు కనిపించకపోవచ్చు. బరువు బండి నడిపేవాళ్లు మాత్రం చూడకుండా ఉండలేరు. రోడ్డు దిగితే తమను మోసేది ఆ నేలే మరి. వాన పడ్డ నల్లరేగడి అన్నిటికంటే కఠినం. టైరుకు పొరలు పొరలుగా అంటుకుని మడ్‌గార్డు దాకా పేరుకుంటుంది, చక్రం తిరగడమే మానేస్తుంది. మా అదృష్టం కొద్దీ అది ఎండిన నెల. ఇదే నేల కందిని పండిస్తుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మార్కెట్ యార్డు బయట కందుల బస్తాలతో నిలిచిన బళ్ల మధ్య నుంచి దారి చేసుకోవడానికే చాలాసేపు పట్టింది.

తాండూరులో నల్లమట్టి కింద ఉన్నది సున్నపురాయి. పొరలు పొరలుగా, పుస్తకంలో కాగితాల్లా విడివడే రాయి. నీలం బండ, పసుపు బండ రెండూ దొరుకుతాయి. కరన్‌కోటలో సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ పెట్టిందీ ఈ రాయిని చూసే. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు పడ్డాక ఈ ఊళ్లకు బయటి ప్రపంచం దగ్గరైంది. బండలకు పాలిష్ పట్టే యూనిట్ల ముందు తెల్లటి బురద నీరు కాలవలు కడుతుంటుంది. బండలను బండిలో పడుకోబెట్టరు, అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా ఆనిస్తారు. పడుకోబెడితే ఒక్క గతుకుకు పగులుతాయి. హమాలీలు ఎత్తుతుంటే కాకా తొట్టి వెనక్కి వెళ్లి కమాన్ పట్టీలు ఎంత వంగాయో చూస్తున్నారు. టన్నున్నర దగ్గర చెయ్యి చాపి ఆపించారు.

"రోడ్డు మీద ఇంకో రెండు వందల కిలోలు పడ్తది. ఉసికెల పడది" అన్నారు.

ఏటి ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం. కాగ్నా అక్కడ బాగా వెడల్పు. నీరు అవతలి ఒడ్డు పక్కన సన్నటి పాయగా పారుతోంది, మిగిలినదంతా తెల్లని ఇసుక. ఆ పాయ లోతు మోకాలు కూడా లేదు, అడుగున గులక. కష్టమంతా పొడి ఇసుకలోనే. కాకా బండి దిగి చెప్పులు విడిచి నడవడం మొదలుపెట్టారు. నేనూ నడిచాను. మడమతో గుచ్చి చూడాలి. మడమ దిగి చుట్టూ ఇసుక వదులుగా పొర్లితే అక్కడ బరువు ఆగదు. తుంగ మొలిచిన చోట వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. గులకరాళ్లు కలిసిన చోట కూడా మేలే, పెద్దవీ చిన్నవీ ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని కదలవు. ఏరు వంపు తిరిగే లోపలి వైపున పేరుకున్న మెత్తటి, ఒకే సైజు ఇసుక అన్నిటికంటే మోసకారి. అక్కడ నేనే చీలమండ దాకా దిగాను. ఆ వంపును పూర్తిగా వదిలేసి, తుంగ వెంట దూరంగా తిరిగి వెళ్లే దారి ఖాయం చేసుకున్నాం.

తర్వాత సగం బండలు దించేశాం. ఇది చాలామందికి రుచించదు. ఒక్క ట్రిప్పుతో పోయేదాన్ని రెండు ఎందుకు చెయ్యాలని అడుగుతారు. ఇసుకలో దిగబడ్డ బండిని ఖాళీ చేయడానికి పట్టే సమయం ముందు, ఒడ్డున నిలబడి సగం దించడానికి పట్టే సమయం లెక్కలోకి రాదు.

ఇక అసలు సంగతి, గాలి. బరువుతో రోడ్డు మీద నడిచేటప్పుడు వెనక టైర్లలో 60 పౌండ్ల దాకా ఉంచుతాం. టైరు లోపల ఎంత ఒత్తిడి ఉంటే, అది నేల మీద మోపే ఒత్తిడీ దాదాపు అంతే, చదరపు అంగుళానికి 60 పౌండ్లు. గాలిని 30కి దించితే టైరు చదునై, నేలకు ఆనే చోటు రెట్టింపవుతుంది. వెడల్పులో కంటే పొడవులో ఎక్కువ సాగుతుంది. అంటే చక్రం ముందున్న ఇసుకను తోసుకుంటూ పోకుండా దాని మీదికి ఎక్కి పోతుంది. సగం బరువుకు 30 చాలనుకున్నాం. ఖాళీ బండికైతే 20 దాకా దించవచ్చు. 15కి దించితే మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. పుల్లతో వాల్వు నొక్కి, గేజీతో చూసుకుంటూ నాలుగు చక్రాలకూ సమంగా దించాం.

ఈ కిటుకును ఎడారిలో పద్ధతిగా వాడుకున్నవారిలో రాల్ఫ్ బాగ్‌నాల్డ్ అనే ఇంగ్లిషు సైనికాధికారి ముఖ్యుడు. 1920ల చివరి నుంచి ఫోర్డు కార్లతో ఈజిప్టు, లిబియా ఇసుక సముద్రాల్లో తిరిగాడు. దిగబడ్డ చక్రాల కింద పెట్టడానికి పాత ఇనుప రేకులు మోసుకెళ్లేవాడు. 1940లో యుద్ధం కోసం ఎడారి దళాన్ని కట్టినప్పుడు ఎంచుకున్నవి షెవర్లే ట్రక్కులు, అవీ టన్నున్నర మోసేవే. ఆ మరుసటి ఏడు ఇసుక రేణువుల కదలిక మీద ఆయన రాసిన పుస్తకాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ చదువుతారు. ఇక్కడ మా దగ్గర ఇనుప రేకులు లేవు. కాకా ఒడ్డున రైతును అడిగి రెండు మోపుల కందికట్టె తెచ్చి తొట్టిలో వేశారు, గోనె సంచులతో పాటు.

"రెండో గేరుల పట్టు. ఒక్కటే తీరుగ పో. గేరు మార్చకు, క్లచ్ తొక్కకు. టైరు సుట్టు తిరుగుతున్నట్టు అనిపిస్తే రేసు పెంచకు బిడ్డా, ఇడిసిపెట్టు" అన్నారు.

రేసు పెంచడమే అందరి చెయ్యీ చేసే పని. చక్రం తిరుగుతూ కింది ఇసుకను వెనక్కి చిమ్ముతుంది, తన గోతిని తానే తవ్వుకుంటుంది. వెనక ఇరుసు హౌసింగ్ ఇసుకకు ఆనిందంటే ఇక బరువంతా దాని మీదే, చక్రాలకు పట్టు దొరకదు. అప్పుడు టోచన్ వేసి ట్రాక్టరుతో గుంజాల్సిందే.

బొలెరో ఇసుకలోకి దిగగానే స్టీరింగ్ తేలికైంది, పడవ తెడ్డు పట్టినట్టు. ఇంజను శబ్దం బరువెక్కింది. చక్రాలను తిన్నగా ఉంచాను. తిప్పిన ముందు చక్రం పక్కకు ఇసుకను తోస్తూ బండి వేగాన్ని తినేస్తుంది, అందుకే మలుపులన్నీ పెద్ద వంపుగా తీసుకున్నాను. తుంగ దాటాక ఒక పల్లం వచ్చింది. అక్కడ బండి నెమ్మదించింది, వెనక భాగం కిందికి కుంగడం నడుముకు తెలిసింది. కాలు ఎత్తేశాను, బ్రేకు ముట్టలేదు. బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక గట్టు కడుతుంది, మళ్లీ కదలడానికి ఆ గట్టును ఎక్కాలి. బండి దానంతట అదే ఆగింది. రివర్సులో, వచ్చిన గాడిలోనే వెనక్కి. ఒకసారి నలిగిన ఇసుక కొంత గట్టిపడి ఉంటుంది. కాకా ఆ పల్లంలో కందికట్టె పరిచారు. రెండోసారి చిటపటలాడుతూ దాని మీదుగా దాటింది.

పాయ ఒడ్డున ఆగి నీళ్లు తాగుతుంటే కాకా సముద్రం సంగతి ఎత్తారు. తాండూరు బండలు తీరం దాకా పోతాయి. బాపట్ల దగ్గర సూర్యలంకకు ఆయన తోలుకెళ్లిన రోజులున్నాయి. అక్కడి లెక్క వేరు. ఒడ్డున ఎండిన ఇసుక మెత్తన, అలలు తడిపి వదిలిన పట్టీ గట్టిది. ఇసుక రేణువుల మధ్య పలచటి నీటి పొర వాటిని కలిపి పట్టి ఉంచుతుంది. ఏటి దగ్గర దీనికి తలకిందులు. కింది నుంచి నీరు ఊరే చోట రేణువులు నీటిలో తేలి ఊబి అవుతుంది. అందుకే పాయ అంచున తడి కనిపించిన చోట కాకా నన్ను పోనివ్వలేదు, గులక పైకి తేలిన చోటే దాటించారు. సముద్రం దగ్గర మరో జాగ్రత్త, ఆటుపోటు. తడి పట్టీ మీద బండి ఆపి పోతే పోటు వచ్చి చక్రాల కింది ఇసుకను తోడేస్తుంది. ఇంటికి రాగానే అడుగంతా మంచినీటితో కడగాలి, లేదంటే ఉప్పు ఛాసిస్‌ను తింటుంది.

కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్‌లో ఇసుక సహజంగానే గట్టి. బీచ్ మీద నాలుగు కిలోమీటర్లు కార్లు తోలడానికి జనం పోతారు. దాన్ని చూసి మన తీరమంతా అలాగే తోలాలనుకోవడం నాకు నచ్చదు. జనవరి నుంచి మార్చి దాకా మన కోస్తాకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చి సముద్రం వైపు పాకేటప్పుడు టైరు గాడి ఒకటి అడ్డం పడితే అందులో చిక్కుకుని పక్షుల పాలవుతాయి. సరదా కోసం ఆ ఇసుకను దున్నడం అన్యాయం.

కాగ్నాలోనూ ఇసుకకు అన్యాయం జరుగుతోంది. మేం దాటిన చోటికి కొంత దిగువన ఏటి గర్భం గుంతలు గుంతలుగా ఉంది, రాత్రుళ్లు ట్రాక్టర్లు తోడిన గుర్తులు. నీటిని, నేలను, చెట్లను కాపాడేందుకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కాయాల్సింది ఇలాంటి చోట్లనే. ఇసుక పోయిన చోట రాయి తేలింది. అక్కడ బండి హాయిగా పోతుంది, దిగబడే భయం లేదు. కానీ వాన నీటిని పట్టి ఉంచి ఒడ్డు బావుల్లోకి వదిలేది ఆ ఇసుకే. అవతలి పొలంలో మా స్నేహితుడి బావి ఇప్పుడు మార్చిలోనే అడుగంటుతోందని ఆయనే చూపించాడు. వాళ్ల నాన్న కాలంలో మే దాకా మోట కొట్టేవారట.

బండలు దించి, ఖాళీ బండితో వచ్చిన గాడిలోనే వెనక్కి వచ్చి మిగతా సగం ఎత్తుకున్నాం. గాడి నలిగి ఉండడం వల్ల ఈసారి ఎక్కడా ఆగలేదు. పని అయ్యాక ఒడ్డున బ్యాటరీకి చిన్న గాలి పంపు తగిలించి టైర్లు మళ్లీ నింపడం మొదలుపెట్టాను. 30తో తారు రోడ్డెక్కి వేగం పెంచితే టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి. నాలుగూ నిండేసరికి చాలాసేపు పట్టింది. ఈలోగా కాకా వీల్ నట్లు బిగించి, రేడియేటరుకు చుట్టుకున్న కందిపొట్టు దులిపి, మా స్నేహితుడితో సిమెంటు బస్తాల సంగతి మాట్లాడుతున్నారు. జూన్ వానలకు ముందే తెచ్చేయాలని, ఆ తర్వాత ఏరు దాటినా పొలంలో నల్లరేగడి బండిని రానివ్వదని ఆయన లెక్క. మే మొదటి వారానికి మాట అనుకున్నాం.