తలుపు మీది పేరు

మన ఊళ్ళో అద్దె ఇల్లు కావాలంటే ముందు కాళ్ళకు పని. టు లెట్ బోర్డులు చూసుకుంటూ వీధులు తిరగాలి. ఇంటివారి ఎదుట నిలబడి, మీరెవరు, ఏం తింటారు, చుట్టాలు ఎందరొస్తారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. బెంగుళూరులో అయితే ఆపైన పది నెలల అద్దె అడ్వాన్సు అడిగేవారికీ కొదవలేదు. ఈ విద్యలన్నీ క్షుణ్ణంగా వచ్చినవాళ్ళమే మేమిద్దరమూ. 2022 నవంబరులో ఉద్యోగరీత్యా స్వీడను దక్షిణ తీరానున్న కార్ల్స్‌క్రూనాకు వెళ్ళాము. 1680లో నౌకాదళం కోసం దీవుల మీద కట్టిన ఊరది. అక్కడ మా విద్య ఒక్కటీ అక్కరకు రాలేదు.

అక్కడ ఇంటికి క్యూ ఉంటుంది. అద్దె ఇళ్ళలో చాలాభాగం పురపాలక సంఘాల కంపెనీలవి. పేరు నమోదు చేసుకుంటే చాలాచోట్ల రోజుకొక పాయింటు చొప్పున జమ అవుతుంది. ఎక్కువ పాయింట్లు ఉన్నవారిదే ఇల్లు. సిఫారసు లేదు, ముఖప్రీతి లేదు. స్టాక్‌హోంలో 2022లో ఈ నిరీక్షణ సగటున తొమ్మిదేళ్ళు! చిన్న ఊళ్ళలో అంత ఘోరం లేదు గాని, నిన్న దిగినవాడి ఖాతాలో ఉండేది ఒక్క పాయింటే కదా.

అందుచేత ముందు రెండవచేతి అద్దెకు దిగాము. అంటే కంపెనీ దగ్గర అద్దెకున్న మనిషి మనకు మళ్ళీ అద్దెకిస్తాడన్నమాట. ఆయన మర్యాదస్థుడే. తాళంచెవి ఇస్తూ మాత్రం, తలుపు మీద మీ పేరు పెట్టవద్దు, పన్నుల కార్యాలయంలో ఈ అడ్రసు రాయించవద్దు అన్నాడు. కంపెనీ అనుమతి లేకుండా ఇచ్చాడని అప్పుడు తెలిసింది. పట్టుబడితే ఆయన ఒప్పందం పోతుంది, మేము వీధిలో పడతాము.

పేరు లేకపోతే ఏమిటంటారా? అక్కడ పోస్టుమనిషి తలుపు మీది పేరు చూసి ఉత్తరం లోపల వేస్తాడు. అంతకన్న పెద్ద చిక్కు మనిషి నంబరు. పుట్టినతేదీకి ఆరంకెలు, వెనక మరి నాలుగు. ఏడాదికి తక్కువ కాకుండా ఉండదలచినవారికి పన్నుల కార్యాలయం ఇస్తుంది, అదీ నిజంగా నివసిస్తున్న అడ్రసు చూపిస్తేనే. అది లేనిదే బాంకులోనూ, ఫోను దుకాణంలోనూ కూడా అవస్థే. ఉన్నచోట నమోదు కావడం చట్టప్రకారం మన విధి. వద్దనే హక్కు ఇల్లిచ్చినవాడికి లేదు. కాని హక్కు చూపించి ఒకరి ఇల్లు పోగొట్టడానికి మాకు మనసొప్పలేదు. కేరాఫ్ అడ్రసుతో చలికాలమంతా గడిపాము.

మార్చిలో పక్క ఊరు రొన్నెబీలో ఇల్లు దొరికింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకే పోటీ తక్కువ. 1965-74 మధ్య ప్రభుత్వం పూనుకొని పదిలక్షల ఇళ్ళు కట్టించినప్పటి కాలానిది. రెండు గదులూ వంటిల్లూ. పొయ్యి, ఫ్రిజ్ ఇంటితోనే వచ్చాయి. వేడికీ నీళ్ళకూ వేరే లెక్క లేదు. అడ్వాన్సు అడగలేదు. అద్దె ఎంతన్నది అద్దెదారుల సంఘమూ కంపెనీలూ కూర్చుని బేరమాడి తేలుస్తారు. 1923 నాటి సంఘమది. ఇంటాయన కోపమొస్తే పెంచేది కాదు. మేము ఏం తింటామని ఎవరూ అడగలేదు. కిటికీ దక్షిణానికి ఉందని ఫోనులో చెబితే మా అత్తగారు నొచ్చుకున్నారు. చలికాలపు సూర్యుడు అక్కడ దక్షిణాన్నే, నేలకు అంటుకున్నట్టు వెళతాడు. ఆ కిటికీ కోసమే స్వీడను వాళ్ళు పడిచస్తారని చెప్పాక శాంతించారు.

దీపాలు మాత్రం లేవు. పైకప్పుకు కొక్కెం, ప్లగ్గు ఉంటాయి, దీపం ఎవరిది వారు తెచ్చుకోవాలి. మొదటిరాత్రి ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ వెలుతురులో పెరుగన్నం తిన్నాము.

మర్నాడు కంపెనీ మనిషి వచ్చి తలుపుకు పేరు బిగించాడు. మా ఇంటిపేరు పలకలో పట్టక చివరి రెండక్షరాలు మిగిలిపోయాయి. చిన్న అక్షరాలతో మళ్ళీ చేసి తెస్తానని పట్టుకుపోయాడు. రెండు రోజుల్లో తెచ్చాడు కూడాను.