గునుగు కోసం కీసరగుట్టకు



పెత్రమాస వచ్చేసింది. ఎంగిలిపూల బతుకమ్మ అదే నాడు కాబట్టి ముందురోజే పూలు తెచ్చిపెట్టుకోవడం మా ఇంటి ఆనవాయితీ. ఆ వంకతో ఈసారి ఇంటిల్లిపాదీ కీసరగుట్టకు పోయాం. దేవుడి దర్శనం, పూలు రెండూ అవుతాయన్నారు మా ఆయన. పూలు ముందు, దేవుడు ఎక్కడికీ పోడు అంది మా అత్తమ్మ.

ఆమె చిన్నప్పుడు పూల కోసం ఇంత దూరం పోయేవాళ్లు కారట. చిల్కానగర్ చుట్టూ చెలకలే, గునుగు దానంతటదే మొలిచేది. ఇప్పుడు ఆ చెలకల్లో మూడంతస్తుల ఇళ్లున్నాయి, మాదీ అందులో ఒకటే. నాచారం, మల్లాపూర్ మీదుగా ఈసీఐఎల్ చేరి నాగారం దాటేదాకా బీడు భూమి అనేది కనబడలేదు. కీసర దగ్గర పడ్డాక రోడ్డు పక్కన తంగేడు పచ్చగా విరగబూసి ఉంటే కారు ఆపక తప్పలేదు.

గునుగు కోయడం పిల్లలకు అత్తమ్మే నేర్పింది. కాడ జానెడు ఉండాలి, లేకపోతే పేర్చేటప్పుడు వరుస నిలవదు. తెల్లటి కంకి, కొసన కొంచెం గులాబీ రంగు. ముదిరినదాన్ని అరచేతిలో దులిపితే ఆవాల కంటే చిన్నవి, నల్లగా మెరిసే గింజలు రాలతాయి. వాటిని అక్కడే చల్లేసి రమ్మంది. గునుగు ఎన్నిరోజులైనా ఉంటుంది, రంగుల్లో ముంచినా నిలుస్తుంది. తంగేడు అట్లా కాదు, మధ్యాహ్నానికే వాడుతుంది. 2014లో రాష్ట్ర పుష్పమైందని దానికేమీ ఓపిక పెరగలేదు. తడిబట్ట కప్పి డిక్కీలో పెట్టాం.

గుట్ట మీద రామలింగేశ్వరుడు. కాశీ నుంచి లింగం తేవడంలో హనుమంతుడికి ఆలస్యమైతే శివుడే ప్రత్యక్షమై రాముడికి లింగమిచ్చాడని, అలిగిన హనుమంతుడు తాను తెచ్చిన 101 లింగాలనూ విసిరేశాడని కథ. గుట్ట మీద ఎక్కడ చూసినా కనిపించే లింగాలు అవేనంటారు. నాకు మాత్రం ఇక్కడి తవ్వకాల సంగతే ఇష్టం. విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డ చోటిది. ఇక్కడి ఒక బండ మీద ‘తొలుచువాండ్రు’ అని చెక్కి ఉంది. రాజు పేరో దేవుడి పేరో కాదు, ఉలి పట్టినవాళ్ల మాట అది.

సద్ది మూట చెట్టు కింద విప్పాం. పులిహోర, సర్వపిండి, పెరుగన్నం, మామిడికాయ తొక్కు. కోతులున్నాయి జాగ్రత్త, సంచి ఒళ్లోనే పెట్టుకోండి. మావాడి చేతిలోని సర్వపిండి సగం వాటికే పోయింది.

తిరుగుదారిలో గంపల్లో సీతాఫలాలు. కాయ మీది కండ్లు ఎడంగా విచ్చి, సందుల్లో తెల్లబడ్డవే ఏరుకోవాలి. బియ్యంలో పెడితే రెండు మూడు రోజుల్లో పండుతాయి. కండ్లు విచ్చనివి ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి, నల్లబడి గట్టిపడతాయే తప్ప పండవు.

పోవాలనుకునేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, భాద్రపదపు ఎండ పది దాటితే చురుక్కుమంటుంది. సద్దుల బతుకమ్మ లోపు ఇంకోసారి గునుగు కావాలి మాకు. ఘట్‌కేసర్ వైపు ఎక్కడైనా బాగా ఉంటే రాయండి, ఈసారి అటే పోతాం.

ఉంటాను,
మీ చిల్కానగర్ నేస్తం