గోడ మీద అమ్మ చీర

మొన్న మా వికారాబాద్ ఇంట్లో అబ్బాయి ప్రొజెక్టర్ బిగించి, తాండూరులో జరిగిన మా పెళ్ళి వీడియో వేశాడు. అమ్మ కట్టుకున్న లేత గులాబీ చీర కాస్తా నారింజ రంగులో కనిపించింది! అమ్మ ఇప్పుడు లేదు. ఆ చీర మాత్రం నా బీరువాలో ఉంది. ప్రాణం ఉసూరుమంది.

తీరా చూస్తే సగం తప్పు గోడదేనండీ. మా గోడకు మీగడ రంగు. అది బొమ్మలో కలిసిపోతుంది. తెల్ల దుప్పటి కట్టాం. ‘వివిడ్’ తీసేసి ‘సినిమా’ పెట్టాం.

తెలుపుకు ప్రమాణం 6500 కెల్విన్, అంటే ఇంచుమించు పగటి వెలుగు. కంటిని నమ్మకండి. కాసేపట్లోనే ఎదురుగా ఉన్న రంగుకు చాలావరకు అలవాటు పడిపోతుంది. కచ్చితంగా కావాలంటే కలరీమీటరుతో కొలవాల్సిందే. అది లేక మేం 1957 నాటి ‘మాయాబజార్’ బ్లాక్ అండ్ వైట్‌లో వేసి చూశాం. బూడిద రంగులో ఎరుపు తగిలితే ఎరుపు, నీలం తగిలితే నీలం కాస్త తగ్గించాం.

మళ్ళీ వీడియో వేశాం. తాండూరు బండల నేల తన బూడిద రంగుకొచ్చింది. చీర గులాబీ అయింది. అమ్మ ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే ఉంది!

మీరూ పాత వీడియో వేసేముందు గోడ రంగు చూసుకోండి.