మామ్మ అల్లిన ముసుగు

దేవుని కృపవలన 2025 మే నెలలో మా పెద్దమ్మాయి వివాహం మా ఊరి చర్చిలో జరిగింది. పెండ్లికి వచ్చినవారిలో చాలామంది, "ముసుగు ఎక్కడ కొన్నారు?" అని మమ్మల్ని అడిగారు. భోజనాల దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదని అప్పుడు నవ్వి ఊరుకున్నాము. ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఉపయోగపడవచ్చునని ఇప్పుడు వ్రాస్తున్నాము.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. రెండెకరాల చేను, రెండు గేదెలు మా ఆస్తి. మా పెండ్లినాడు తెల్లచీర, తలమీద పలుచని ముసుగు, చేతిలో పూలగుత్తి, అంతే. ఇప్పటి పిల్లలు గౌను కావాలంటారు. "చీర అయితే పదిసార్లు కట్టుకోవచ్చు. గౌను ఒక్కపూట ముచ్చటే కదమ్మా" అని చెప్పి చూచాము. అమ్మాయి వినలేదు. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి మిగుల్చుకున్న తన జీతం డబ్బుతోనే రాజమండ్రిలో గౌను కొనుక్కుంది. మీగడ రంగు గౌను. మెడచుట్టూ, చేతులమీదా చిన్నచిన్న పువ్వుల పని. కింద అంతా సాదా. నిజం చెప్పాలంటే బాగానే ఉంది.

చిక్కు ముసుగు దగ్గర వచ్చింది. అదే దుకాణంలో నేలమీద ఈడ్చుకుపోయే పొడవాటి ముసుగు చూపించారు. నిండా రాళ్లు, అంచున మెరుపుదారం. ఖరీదు ఆరువేలు. నచ్చకపోతే వారంలో తిరిగి ఇవ్వవచ్చునంటే ఇంటికి తెచ్చాము. మరునాడు ఉదయం అమ్మాయి గౌను తొడుక్కుని, ముసుగు వేసుకుని వాకిట్లో నిలబడింది. దుకాణంలో ట్యూబులైట్ల కింద రెండూ ఒకే తెలుపనుకున్నాము. ఎండలో చూస్తే ముసుగు నీలిమందు పెట్టినట్టు తెల్లగా ఉంది, దాని పక్కన కొత్త గౌను పాతబడినట్టు కనిపించింది. పైగా ముసుగుమీది రాళ్లు, గౌను మీది పువ్వులు ఒకదానినొకటి కప్పేశాయి.

అరుగుమీద కూర్చున్న మామ్మ ముసుగు అంచు వేళ్లతో తడిమి, "ఇది మిషను పనే అమ్మలూ. నీకు నేనల్లుతాను" అంది.

మేము ఒకరి ముఖం ఒకరం చూచుకున్నాము. మామ్మకు డెబ్బయి ఎనిమిదేండ్లు. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది. కాదంటే బాధపడుతుంది, సరేనంటే అమ్మాయి బాధపడుతుంది. ఆ రాత్రి అమ్మాయి ఏడ్చింది. "మామ్మ లేసు బల్లమీది గుడ్డలా ఉంటుందమ్మా, నా స్నేహితులు నవ్వుతారు" అంది. మా ఇంట్లో గదికీ గదికీ మధ్య తలుపు లేదు, పరదాయే. మామ్మ వినే ఉంటుంది.

ఈ లేసు సంగతి కొంచెం చెప్పాలి. మా ప్రాంతపు ఆడవారికి ఈ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పారు. ఆపైన వర్తకులు దారం ఇచ్చి, ఇంటి దగ్గర అల్లించుకుని, విదేశాలకు పంపడం మొదలైంది. 1840లో ఇంగ్లాండు రాణి విక్టోరియా తన పెండ్లికి తెల్లని గౌను, డెవన్ ప్రాంతపువారు చేతితో చేసిన లేసు ధరించింది. తెల్ల గౌను మోజు బాగా పెరిగింది ఆ తరువాతనే అంటారు. అంత రాణికీ కావలసివచ్చింది పల్లెటూరి ఆడవారి చేతిపనే. మన నరసాపురం లేసుకు 2024లో ప్రభుత్వంవారి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చేనాటికి మామ్మలాంటి వారి చూపు మందగించిపోయింది. అరవై ఏండ్లు అల్లినా మామ్మ తన ఇంటికంటూ అల్లుకున్నది దాదాపు ఏమీ లేదు.

మరునాడు మామ్మ ఏమీ అననట్టే గౌను తెమ్మంది. చేతులమీది పువ్వులను వ్రేలితో లెక్కపెట్టింది. ఐదు రేకల పువ్వు. అదే పువ్వు లేసులో అల్లసాగింది. దారం కూడ చలువ చేయనిది తెప్పించింది. అది గౌను రంగుకు చక్కగా కలిసిపోయింది. అది మాకు తోచని సంగతి.

నెలన్నరకు బెత్తెడు వెడల్పు లేసు తయారయింది. మెత్తని వలగుడ్డకు టాకా వేసి అమ్మాయి తలమీద పెట్టి చూచాము. బరువుకు ముసుగు వెనక్కి జారిపోయింది. రెండుసార్లు దువ్వెనపిన్ను గుచ్చినా నిలవలేదు. ఎవరికీ మాట రాలేదు. మామ్మ టాకాలు ఊడదీసి, లేసు కొస పట్టుకుని లాగింది. నెలన్నర పని చరచరా ఊడి ఒళ్లో దారపు కుప్ప అయింది.

"అయ్యో మామ్మా!" అని అమ్మాయి చేయి పట్టుకుంది.

అప్పుడు మామ్మ చెప్పింది. 1986 గోదావరి వరదకు ముందు మా మేనత్త, అంటే పిల్లల మేనత్త, పెండ్లికని రాత్రుళ్లు దీపం దగ్గర ఆరుగజాల లేసు అల్లి పెట్టెలో దాచిందట. వరదలో గాదె మునిగింది. బియ్యం కోసం ఆ లేసు వర్తకుడికి ఇచ్చేసింది. "అది ఏ దేశపు పిల్ల నెత్తిమీదికి పోయిందో. నా పిల్ల మాత్రం ఉత్త కొంగే కప్పుకుని చర్చికి వెళ్లింది" అంది. ఇన్నేండ్లలో మాకీ సంగతి తెలియదు.

అమ్మాయి ఇంకేమీ మాట్లాడలేదు. కింద కూర్చుని దారం ఉండగా చుట్టడం మొదలుపెట్టింది. దుకాణపు ముసుగు ఆ వారమే తిరిగి ఇచ్చేసినందుకు మొదట మామీద ఉన్న కోపం కూడ ఆనాటితో పోయింది. ఈసారి సన్నదారంతో రెండు వ్రేళ్ల వెడల్పే అల్లింది మామ్మ. ముసుగు మోచేతులు దాటి నడుముదాకా వచ్చేటట్టు కత్తిరించాము. వలగుడ్డకూ కుట్టుకూలికీ కలిపి ఎనిమిది వందలయింది.

మేము నేర్చుకున్నది చెబుతాము. ముసుగు కొనేటప్పుడు గౌను వెంట తీసుకువెళ్లి రెండూ పగటివెలుగులో కలిపి చూడండి. గౌనుమీద పని ఎక్కువైతే ముసుగు సాదాగా ఉండాలి. గౌను సాదా అయితే ముసుగు అంచుకు పని పెట్టవచ్చు. గౌను పని ఉన్నచోటనే ముసుగు ముగిస్తే రెండూ కనబడవు. నేలకు జీరాడే ముసుగు పట్టుకునే పిల్లలుండాలి, చర్చి నడవా వెడల్పుగా ఉండాలి. అంచుకు కొద్ది బరువుంటే పంకాగాలికి ఎగరదు, ఎక్కువైతే తలమీద నిలవదు. తాళి కట్టేటప్పుడు మెడవెనుక సులువుగా పైకెత్తేటట్టు చూచుకోండి. కొవ్వొత్తులు వెలిగించే ఆచారముంటే మరీ జాగ్రత్త, నైలాను వల క్షణంలో అంటుకుంటుంది. జుట్టుకు ఆనాడు నూనె రాయకండి, పిన్ను జారుతుంది.

రిబ్కా ఇస్సాకును దూరాన చూచి, ఒంటె దిగి ముసుగు వేసుకున్నదని ఆదికాండములో చదువుతాము. ఆ ముసుగు ఎంత పొడవో, ఎంత ఖరీదో అక్కడ వ్రాయలేదు.

పెండ్లినాడు ఆడబిడ్డ ముసుగెత్తి పట్టుకుంటే అల్లుడు తాళి కట్టాడు. మామ్మ ముందు బల్లమీదనే కూర్చుంది గాని ఆమెకు అంతదూరం సరిగా కనిపించదు. ఆశీర్వాదమైన తరువాత అమ్మాయి తిన్నగా ఆమె దగ్గరకు వచ్చి వంగింది. మామ్మ అంచు వెంబడి వేళ్లు పోనిచ్చి ఐదు రేకలూ తడిమి చూచుకుంది.

ఆ ముసుగును కుంకుడురసంలో జాడించి, నీడన ఆరబెట్టి, పాత పంచె ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టాము. ప్లాస్టికు సంచిలో పెడితే పసుపెక్కుతుందని మామ్మ వద్దంది. మా రెండవ అమ్మాయి ఇంకా పదవ తరగతి. నిన్న సాయంత్రం చూస్తే మామ్మ మళ్లీ సూది పట్టుకుని కూర్చుంది.